చుక్క పక్కన చుక్క

సభకు నమస్కారం.

తెలుగులో చుక్క అన్న మాట నాకు చాలా ఇష్టం. ఆకాశంలో మెరిసేదీ చుక్కే, సీసాలోంచి రాలేదీ చుక్కే, కాగితం మీద కలంతో పెట్టేదీ చుక్కే. ఈ సాయంత్రం నేను చెప్పబోయే కథలో ఈ మూడూ ఉన్నాయి: బేస్‌బాల్ మైదానంలో వెలిగిన చుక్కలు, వాళ్ళు నాలుక కింద వేసుకున్న మందు చుక్కలు, ఆ తర్వాత రికార్డుల పుస్తకంలో, ఇందులో ఏదో తిరకాసు ఉందని చెప్పడానికి, వాళ్ళ పేరు పక్కన పెట్టాలని జనం పట్టుబట్టిన చుక్క గుర్తు (*).

ముందు ఒక దృశ్యం. 2007 ఆగస్టు 4, శాన్ డియాగో నగరం. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు బ్యారీ బాండ్స్ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. అది అతని ఆటజీవితం మొత్తంలో 755వ హోమ్ రన్. అప్పటిదాకా ఆ అంకె హ్యాంక్ ఆరన్ ఒక్కడి సొత్తు. బాండ్స్ మీద అప్పటికే స్టెరాయిడ్ల ఆరోపణలున్నాయి, గ్రాండ్ జ్యూరీ, అంటే నేరం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం, విచారణ సాగుతోంది. బంతి వేసిన పిచ్చర్ క్లే హెన్స్లీ సంగతి మరీ చిత్రం. రెండేళ్ళ క్రితం కిందిస్థాయి లీగులో ఆడుతూ డోప్ పరీక్షలో దొరికి నిషేధం అనుభవించినవాడే అతను కూడా. ఇక ప్రేక్షకుల మధ్య బేస్‌బాల్ కమిషనర్, అంటే ఆట వ్యవహారాలన్నిటికీ పెద్ద, బడ్ సెలిగ్ ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు గానీ చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని అలా ఉండిపోయాడు.

కొట్టినవాడు, వేసినవాడు, చూస్తూ నిలబడినవాడు. ఈ ముగ్గురిలో ఇవాళ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ మహామహుల గౌరవ మందిరంలో, ఫలకం ఉన్నది ఒక్కరికే. జేబుల్లో చేతులు పెట్టుకున్న పెద్దమనిషికి! ఈ విడ్డూరం ఎలా జరిగిందో చెప్పడానికే నేనిక్కడికి వచ్చాను.

క్రికెట్ తప్ప మరొకటి ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. హోమ్ రన్ మన సిక్సర్ లాంటిదే, కానీ సిక్సర్ అంత చవక కాదు. బంతి నేలను తాకకుండా గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో మీదికి వస్తుంటే గుండ్రటి కర్రతో కొట్టాలి. ఒక సీజన్‌లో జట్టుకు 162 ఆటలు. అన్ని ఆటల్లో కలిపి 30 కొడితే మంచి పేరు వస్తుంది, 50 కొడితే ఆ ఏడాదంతా అతని గురించే చెప్పుకుంటారు. బేబ్ రూత్ 1927లో 60 కొట్టాడు. రోజర్ మారిస్ 1961లో 61 కొట్టాడు. ఆ గీతను 37 ఏళ్ళు ఎవరూ దాటలేదు.

చుక్క గుర్తు గొడవ మొదలైంది కూడా మారిస్‌తోనే. రూత్ కాలంలో సీజన్‌కు 154 ఆటలే ఉండేవి, మారిస్‌కు 162 దొరికాయి. కనుక రెండు రికార్డులనూ విడివిడిగా రాయాలని అప్పటి కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అన్నాడు. నిజానికి పుస్తకంలో ఏ చుక్కా పెట్టలేదు, అయినా మారిస్ పేరు వినగానే అందరికీ చుక్కే గుర్తొచ్చేది. 1991లో ఆ తేడాను తీసేశారు. అప్పటికి మారిస్ చనిపోయి ఆరేళ్ళు కావస్తోంది. మందు వాసనే తగలని మనిషికి మొదట అంటిన మరక అది.

మందు ఏమైనా కొత్తదా అంటే, కాదు. 1889లో పిట్స్‌బర్గ్ జట్టుకు పడ్ గాల్విన్ అనే పిచ్చర్ ఉండేవాడు. అదే ఏడాది పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే డెబ్భై రెండేళ్ళ శాస్త్రవేత్త, కుక్కల వృషణాల నుంచి, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని ఒంట్లోకి ఎక్కించుకుని తనకు యౌవనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. గాల్విన్ ఆ రసం పుచ్చుకుని బాస్టన్ మీద గెలిచాడు. పత్రికలు తిట్టాయా? లేదు, మందు భేషుగ్గా పనిచేసిందని మెచ్చుకున్నాయి. అందులో హార్మోను ఉన్నా లేనట్టే లెక్క అని తర్వాతి శాస్త్రం తేల్చింది. పాపం, అతను మందు పుచ్చుకున్నానని అనుకున్నాడు, అంతే. 1965లో గాల్విన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

ఇప్పుడు 1994కు వద్దాం. ఆ ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మెకు దిగారు. జట్ల యజమానులు దిగిరాలేదు. ఏటా ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్ జరగలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు ఆపలేని పోటీని డబ్బు తగాదా ఆపింది. మరుసటి ఏడు ఆట మొదలయ్యేసరికి సగటున ఐదో వంతు జనం మైదానానికి రావడం మానేశారు. అలిగిన జనాన్ని తిరిగి రప్పించడానికి ఏదో ఒక అద్భుతం కావలసి వచ్చింది. అది 1998లో ఇద్దరు మనుషుల రూపంలో దొరికింది. సెయింట్ లూయిస్‌కు ఆడే మార్క్ మెగ్వైర్, షికాగో కబ్స్‌కు ఆడే సామీ సోసా. మారిస్ గీతను ఎవరు ముందు దాటుతారా అని దేశమంతా పందెం కాసింది. సెప్టెంబరు 8న మెగ్వైర్ 62వది కొట్టాడు. మారిస్ పిల్లలు మైదానంలోనే ఉన్నారు, అతను వెళ్ళి వాళ్ళను కౌగిలించుకున్నాడు. సీజన్ ముగిసేసరికి మెగ్వైర్ 70, సోసా 66.

ఆ ఆగస్టులోనే ఒక వార్తాసంస్థ విలేకరి స్టీవ్ విల్‌స్టైన్ మెగ్వైర్ లాకర్‌లో ఒక సీసా చూశాడు. ఆండ్రోస్టెన్‌డియోన్ అని దాని మీద రాసి ఉంది. ఒంట్లోకి వెళ్ళాక టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోనుగా మారే పదార్థం. ఒలింపిక్స్‌లో నిషేధం, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిషేధం, బేస్‌బాల్‌లో మాత్రం లేదు. విలేకరి చూసింది చూసినట్టు రాశాడు. మరి ఎవరి మీద విరుచుకుపడ్డారనుకున్నారు? విలేకరి మీద! ఇతరుల లాకర్లోకి తొంగిచూడడమేమిటని మండిపడ్డారు. ఆ వార్తాసంస్థవాళ్ళను ఆటగాళ్ళ గదిలోకి రానివ్వకూడదన్నాడు జట్టు మేనేజరు టోనీ లా రూసా. ఆయనకూ 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫలకం వచ్చింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

నిజం చెప్పాలంటే 1991లోనే అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ అన్ని జట్లకూ ఒక లేఖ పంపాడు, స్టెరాయిడ్లు కూడదని. లేఖ ఉంది, పరీక్ష లేదు. ఆటగాళ్ళ సంఘం, పరీక్షలు మా వ్యక్తిగత గోప్యతకు భంగమంది. యజమానులు, టికెట్లు అమ్ముడుపోతున్నాయి కదా అని గట్టిగా పట్టుబట్టలేదు. తిలా పాపం తలా పిడికెడు.

1998 వేసవిలో బాండ్స్ ఏం చేస్తున్నాడు? ఆగస్టు 23న తన 400వ హోమ్ రన్ కొట్టాడు. అప్పటికే 400కు పైగా బేస్‌లు దొంగిలించి ఉన్నాడు, అంటే పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి మజిలీకి పరుగెత్తి చేరాడు. ఆ రెండూ కలిసి సాధించినవాడు బేస్‌బాల్ చరిత్రలో అంతకుముందు లేడు. మూడుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పొందాడు. అయినా ఆ రోజు దేశం చూపంతా మెగ్వైర్, సోసాల మీదే ఉంది. ఆ రోజుతోనే ఆట మానేసి ఉన్నా బాండ్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఖాయం. అలాంటి మనిషికి మందు దేనికి? అసూయ అని రాసినవాళ్ళున్నారు. అతని మనసులోకి నేను దూరి చూడలేదు. అంకెలు మాత్రం చూడగలను. అంతకుముందు ఏ ఏడాదీ 50 దాటనివాడు 2001లో, ముప్పై ఏడో ఏట, 73 కొట్టాడు. 1999 చివరికి అతని మొత్తం 445. తర్వాత, మామూలు ఆటగాళ్ళు ఇంటికి వెళ్ళే వయసులో, ఇంకో 317 కలిపాడు.

నేనప్పుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాను. ఊరినుంచి వచ్చే చుట్టాలను తీసుకురావడానికి శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ పక్కనే బర్లింగేమ్ అనే చిన్న ఊరు. అక్కడ బాల్కో అనే సంస్థ ఉండేది, పైకి పోషకాహార పదార్థాల వ్యాపారం. నడిపేవాడు విక్టర్ కాంటే, ఒకప్పుడు సంగీత బృందంలో బేస్ గిటారు వాయించినవాడు. క్రీడాచరిత్రలోనే అంత పెద్ద డోపింగ్ గుట్టు ఆవకాయ జాడీలతో దిగే మా చుట్టాల దారి పక్కనే ఉందని మాకెవరికీ తెలియదు. 2003 సెప్టెంబరు 3న ప్రభుత్వ అధికారులు అక్కడ సోదా చేశారు.

ఆ గుట్టు పనిచేసిన తీరు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తెలివితేటలన్నీ అందులోనే ఉన్నాయి. స్టెరాయిడ్ వేసుకున్నంత మాత్రాన బంతి దానంతటదే ఎగరదు. చూపు, చేతివాటం, వందో వంతు క్షణంలో తీసుకునే నిర్ణయం ఆటగాడివే. టెస్టోస్టెరాన్‌ను పోలిన ఈ రసాయనాలు కండరాల్లో ప్రోటీను తయారీని పెంచుతాయి, కసరత్తుకు అలిసిన కండరం త్వరగా కోలుకునేలా చేస్తాయి. బేస్‌బాల్ ఆరు నెలలపాటు దాదాపు ప్రతిరోజూ ఆడే ఆట. ఆగస్టు వచ్చేసరికి ఎంతటివాడికైనా ఒళ్ళు హూనమవుతుంది. ఆగస్టులో కూడా ఏప్రిల్ ఒళ్ళు ఉండడమే ఈ మందు ఇచ్చే అసలు లాభం.

బాల్కో సరుకులో రెండు ముఖ్యం. ఒకటి ‘క్లియర్’. ప్యాట్రిక్ ఆర్నాల్డ్ అనే రసాయనవేత్త తయారు చేసిన కొత్త అణువు, పేరు టీహెచ్‌జీ. ప్రయోగశాలలు తమకు తెలిసిన స్టెరాయిడ్ల కోసమే వెతుకుతాయి కదా, జాబితాలో లేనిదాన్ని ఎలా పట్టుకుంటాయి? దాన్ని చుక్కలుగా నాలుక కింద వేసుకునేవారు. రెండోది ‘క్రీమ్’, ఒంటికి పూసుకునేది. మూత్రంలో టెస్టోస్టెరాన్ పాళ్ళు దాని సోదర పదార్థం ఎపిటెస్టోస్టెరాన్ కన్నా బాగా ఎక్కువైతే పరీక్షలో అనుమానిస్తారు. అందుకని క్రీములో రెండూ కలిపేశారు. త్రాసులో ఒక పళ్ళెం దిగితే దొరికిపోతాం కనుక రెండో పళ్ళెంలోనూ బరువు వేసేయడమన్నమాట. ఎలా బయటపడింది? ఒక పరుగు పందేల కోచ్ అడుగున కాస్త మందు మిగిలిన సిరంజిని డోపింగ్ నిరోధక సంస్థకు పంపించాడు. లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో డాన్ క్యాట్లిన్ బృందం ఆ చుక్కల్ని విడదీసి అణువు రూపం కనిపెట్టి, దానికి పరీక్ష తయారు చేసింది.

2003 డిసెంబరులో బాండ్స్‌ను గ్రాండ్ జ్యూరీ ముందుకు పిలిచారు. తన శిక్షకుడు గ్రెగ్ ఆండర్సన్ ఇచ్చినది అవిసె గింజల నూనె అనీ, కీళ్ళనొప్పుల లేపనమనీ అనుకున్నానని చెప్పాడు. అవిసె నూనె! (నవ్వులు) మా అమ్మమ్మ బతికి ఉంటే అవిసె గింజల మహిమ గురించి సాక్ష్యం చెప్పేది. ఆ శిక్షకుడు మాత్రం బాండ్స్‌కు వ్యతిరేకంగా నోరు విప్పనని భీష్మించి, ఏడాదికి పైగా జైల్లో కూర్చున్నాడు. 2011లో బాండ్స్‌ను న్యాయవిచారణకు అడ్డుపడ్డాడన్న ఒక్క నేరం మీద దోషి అన్నారు, 2015లో పైకోర్టు దాన్నీ కొట్టేసింది.

2004లో బాండ్స్ ఆట చూశాను. చూశానని అనడం కూడా ఎక్కువే. ఆ ఏడాది ప్రత్యర్థులు అతనికి బంతి అందేలా వేయడానికే జంకారు. అందకుండా నాలుగు బంతులు వేస్తే కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్ళవచ్చు. అలా 232 సార్లు నడిచాడు. అందులో 120 సార్లు కావాలని, బాహాటంగా దూరంగా వేసి పంపించారు. అలా పంపినప్పుడల్లా జెయింట్స్ అభిమానులు, పిరికివాళ్ళని వెక్కిరిస్తూ, స్టేడియం గోడకు ఒక రబ్బరు కోడిని వేలాడదీసేవారు. నేను వెళ్ళిన రోజు ఎక్కువ చూసింది కోళ్ళనే. అయినా అతను బరిలోకి నడిచి వస్తుంటే నలభై వేలమంది ఒక్కసారిగా మాటలాపిన ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. మోసం అని తెలిశాక ఆ ఆనందాన్ని వెనక్కి ఇచ్చేయగలనా? ప్రయత్నించాను, కుదరలేదు.

2005 మార్చి 17న అమెరికా కాంగ్రెస్ ఆటగాళ్ళను పిలిపించింది. మెగ్వైర్ ప్రతి ప్రశ్నకూ, గతం గురించి మాట్లాడడానికి రాలేదన్న ధోరణిలోనే జవాబిచ్చాడు. రఫాయెల్ పాల్మేరో వేలు చూపిస్తూ తానెన్నడూ స్టెరాయిడ్లు వాడలేదని గట్టిగా చెప్పాడు. ఆగస్టు ఒకటిన స్టానోజొలాల్ వాడినట్టు పరీక్షలో తేలి నిషేధానికి గురయ్యాడు. మెగ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు.

ఆ హాలుకు రాలేనివాడు ఒకడున్నాడు. కెన్ క్యామినిటీ, 1996లో నేషనల్ లీగు అత్యుత్తమ ఆటగాడు. ఆ పురస్కారం వచ్చిన ఏడాది స్టెరాయిడ్లు వాడానని 2002లో తనంతట తాను చెప్పాడు. ఎవరూ బలవంతం చేయలేదు. బయటినుంచి హార్మోను అందుతుంటే ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోవడం మానేస్తుంది, మందు ఆపాక మనిషి కుంగిపోతాడు. అదీ చెప్పుకున్నాడు. 2004 అక్టోబరులో నలభై ఒకటో ఏట చనిపోయాడు. మాదకద్రవ్యాల మోతాదు మించడం వల్లనని వైద్యులు తేల్చారు, గుండె పెరిగి ఉందని కూడా రాశారు. నిజం చెప్పినందుకు అతనికి దక్కింది తోటివాళ్ళ కోపం. అబద్ధమాడినవాళ్ళకు వకీళ్ళు దొరికారు.

పరీక్షలు ఎలా వచ్చాయో త్వరగా చెప్పేస్తాను. 2003లో పేర్లు బయటపెట్టబోమన్న ఒప్పందంతో అందరినీ పరీక్షించారు. దొరికినవి ఐదు శాతం దాటితే శిక్షలతో కూడిన పరీక్షలు మొదలవ్వాలని షరతు. దాటింది. శిక్షలు మెల్లగా పెరిగి, 2014 నుంచి మొదటిసారి దొరికితే 80 ఆటలు, రెండోసారికి 162, మూడోసారికి శాశ్వత నిషేధం. మధ్యలో, 2007 డిసెంబరులో, మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 409 పేజీల నివేదిక ఇచ్చాడు, 89 మంది ఆటగాళ్ళ పేర్లతో.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ 2003 పరీక్షల్లో దొరికినవాళ్ళ రహస్య జాబితా. నాశనం చేయవలసిన కాగితాలను ప్రభుత్వ అధికారులు స్వాధీనం చేసుకున్నారు. తర్వాత కోర్టు అది తప్పంది గానీ అప్పటికే పేర్లు ఒక్కొక్కటే పత్రికలకు జారాయి. 2009లో అలెక్స్ రోడ్రిగెజ్ పేరు వచ్చింది, అతను ఒప్పుకున్నాడు. సామీ సోసా పేరు వచ్చింది. బాస్టన్ జట్టు డేవిడ్ ఓర్టీజ్ పేరూ వచ్చింది. తానెప్పుడూ తెలిసి స్టెరాయిడ్లు తీసుకోలేదన్నాడు ఓర్టీజ్. ఆ పాత పరీక్షల్లో కొన్నిటి ఫలితాల మీద అనుమానాలున్నాయని కమిషనర్ రాబ్ మ్యాన్‌ఫ్రెడ్ 2016లో ఓర్టీజ్‌ను వెనకేసుకొచ్చాడు.

2022 జనవరిలో విలేకరుల ఓట్లు లెక్కపెట్టారు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు 75 శాతం కావాలి, పదేళ్ళలోపు రావాలి. మొదటిసారే బరిలో నిలిచిన ఓర్టీజ్‌కు 77.9 శాతం. పదో ఏట, ఆఖరి అవకాశంలో ఉన్న సోసాకు 18.5. జాబితా ఒకటే, పత్రిక ఒకటే, లీకైన ఏడాదీ ఒకటే. సోసా సైతం పరీక్షలో దొరికి నిషేధానికి గురైనవాడు కాడు. మరి తేడా ఏమిటి? ఓర్టీజ్ నవ్వు బాగుంటుంది. 2013లో మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు బాస్టన్ తరఫున గుండె చీల్చుకుని మాట్లాడాడు, అందరికీ ఆత్మీయుడు. మంచి మనిషే, కాదనను. కానీ మనం వేస్తున్నది మందుకు తీర్పా, మనిషికి మార్కులా? అదే రోజు బాండ్స్‌కు 66 శాతం, మిచెల్ నివేదికకెక్కిన పిచ్చర్ రోజర్ క్లెమెన్స్‌కు 65.2. బాండ్స్ విలేకరులతో పెడసరంగా ఉండేవాడు. ఓటేసేదీ ఆ విలేకరులే. నేనింకేమీ అనను.

ఎంపిక నియమాల్లో నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం అన్న మాటలున్నాయి. సరే. 1998లో ఆ డబ్బంతా లెక్కపెట్టుకున్న రోజుల్లో కమిషనర్ పీఠం మీద ఉన్న సెలిగ్‌కు ఏ శీలం చూసి 2017లో ఫలకం ఇచ్చారు? పరీక్షలు తెచ్చింది నేనే అంటాడాయన. తెచ్చాడు, కాంగ్రెస్ మెడ మీద కూర్చున్నాక. చేనంతా మేసిన తర్వాత కంచె వేసినవాడికి పంట బహుమతి!

ఇంత చెప్పానని ఆటగాళ్ళను వెనకేసుకొస్తున్నాననుకోకండి. ఒక్కో జట్టులో అప్పుడు 25 మందికే చోటు. ఇరవై ఆరోవాడు మందు ముట్టనందుకే ఇరవై ఆరోవాడుగా మిగిలిపోయి, కిందిస్థాయి లీగులో రాత్రంతా బస్సుల్లో తిరిగి, చివరికి సొంత ఊళ్ళో టైర్ల కొట్టు పెట్టుకుని ఉండవచ్చు. అతని పేరు ఏ నివేదికలోనూ ఉండదు, ఎందుకంటే అతను నేరం చేయలేదు. నాకు కోపం వచ్చేది అతని తరఫున.

హ్యాంక్ ఆరన్ తరఫున కూడా వచ్చేది. 1974లో బేబ్ రూత్ రికార్డు దాటబోతున్న నల్లజాతి మనిషికి చంపుతామని కట్టలు కట్టలుగా ఉత్తరాలొచ్చాయి. అవన్నీ భరించి కట్టిన అంకె 755. 2007 ఆగస్టు 7న బాండ్స్ 756వది కొట్టినప్పుడు ఆయన మైదానానికి రాలేదు, ముందే రికార్డు చేసిన అభినందన తెర మీద వేశారు. మర్యాదగా, క్లుప్తంగా మాట్లాడాడు. అయితే ఆరన్ కూడా 1968లో ఒకసారి ఉత్తేజాన్నిచ్చే మాత్ర వేసుకుని, గుండె దడ పుట్టి, మళ్ళీ ముట్టలేదని స్వయంగా చెప్పాడు. ఆ కాలపు ఆటగాళ్ళ గదుల్లో ఆ మాత్రలు మామూలే, వాటికి పరీక్షలు వచ్చింది 2006లో. స్వచ్ఛమైన పాతకాలం అంటూ ఒకటి ఉండేదని ఎవరైనా అంటే గాల్విన్ కథ చెప్పండి.

756వ బంతిని ఒక దుస్తుల వ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు కొని, ఏం చేయమంటారని జనాన్ని ఓటడిగాడు. చుక్క గుర్తు వేసి పంపమన్నారు. వేశాడు, పంపాడు. అలా బంతి కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ చేరింది, కొట్టినవాడు చేరలేదు. 2025 డిసెంబరులో, విలేకరుల ఓట్లలో నెగ్గనివాళ్ళను పరిశీలించే పదహారుమంది పెద్దల సంఘం కూర్చుంది. జెఫ్ కెంట్‌ను ఎంపిక చేసింది. బాండ్స్ పక్కనే ఆడినవాడు, ఒకసారి డగౌట్‌లో బాండ్స్‌తో కలబడ్డవాడు. బాండ్స్‌కు ఐదు ఓట్లు కూడా రాలేదు, కొత్త నియమం ప్రకారం మళ్ళీ పేరు పరిశీలించేది 2031లోనే.

నాకు ఓటు లేదు. ఉంటే ఏం చేసేవాణ్ణని నిర్వాహకులు ముందే అడిగారు కనుక చెప్పేస్తాను. బాండ్స్‌కు వేస్తాను, ఫలకం మీద బాల్కో పేరు కూడా చెక్కాలన్న షరతుతో. పాల్మేరోకు వేయను, మానీ రామిరెజ్‌కు వేయను, రోడ్రిగెజ్‌కూ వేయను. ముగ్గురూ నియమం ఇదీ, శిక్ష ఇదీ అని తెలిశాక కూడా చేసి నిషేధానికి గురైనవాళ్ళు. సోసాకు వేస్తాను, ఓర్టీజ్‌కు వేసినవాళ్ళు సిగ్గుపడాలని. ఇక క్లెమెన్స్. 354 విజయాలు, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ పురస్కారాలు ఏడు, కాంగ్రెస్‌కు అబద్ధం చెప్పాడన్న కేసులో 2012లో కోర్టు నిర్దోషి అంది. ఎదుగుదల హార్మోను వాడిన సంగతి క్లెమెన్సే తనతో అన్నాడని ప్రమాణం చేసి చెప్పిన స్నేహితుడు ఆండీ పెట్టిట్, కోర్టులో మాత్రం తాను పొరబడి ఉండే అవకాశం సగానికి సగం అన్నాడు. నేను ఏడాదికోసారి మనసు మార్చుకుంటున్నాను. ఈ ఏడాదైతే వేయను. మీ ప్రశ్నలు అడగండి.